వియ్యపురాలు ఇచ్చిన కోటు, దాని అంచున బొచ్చు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. అమ్మాయి షికాగోలో ఉంటుంది, జనవరిలో కాన్పు. డిసెంబర్‌లో నేను వెళ్తున్నాను. దసరాకు వచ్చిన మా వియ్యపురాలు, 2008లో అక్కడ కొనుక్కున్న చలికోటు నాకిచ్చింది. టోపీ చుట్టూ గోధుమ రంగు బొచ్చు ఉంది. ముట్టుకుంటే పిల్లిని నిమిరినట్టుంది. లేబుల్ మీద పాలియెస్టర్ అని ఉంది కానీ, మా చిన్నవాడు అది నిజం జంతువుదేనని, వేసుకోవద్దని గొడవ పెడుతున్నాడు. మా ఆయనేమో "ఆదివారమొస్తే యాటకూర తింటవు, గీ బొచ్చుకెందుకింత రంధి" అంటున్నారు. పూజగదిలో మా మామగారి కాలంనాటి జింకతోలు ఉంది కదా, దాని సంగతేమిటని కూడా వాడు అడుగుతున్నాడు. ఇచ్చిన వదినకు ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది. అది నిజమో కాదో ఎలా తెలుస్తుంది? నిజమైతే వేసుకోవచ్చా?

జవాబు:

చెల్లెమ్మా,

అబ్బాయి మాట నెగ్గాలా, వాళ్ళ నాన్న మాట నెగ్గాలా అనే ముందు ఆ బొచ్చు ఏమిటో తేల్చుకుందాం. దీనికి ల్యాబులేవీ అక్కర్లేదు. మంచి ఎండ, ఒక గుండుసూది, ఒక అగ్గిపెట్టె ఉంటే ఒక్క పూటలో తేలిపోతుంది.

ముందు లేబుల్ సంగతి. దాని మీద పాలియెస్టర్ అని ఉంటే అది పైగుడ్డ గురించో, లోపలి లైనింగ్ గురించో, మధ్యలో కూరిన దాని గురించో అయి ఉంటుంది. టోపీ అంచున కుట్టిన బొచ్చును వాళ్ళు ట్రిమ్ అంటారు. ఆ మాట పక్కన ఏముందో చూడండి. రాకూన్, కయోటీ, ర్యాబిట్, మింక్ లాంటి జంతువు పేరు ఉంటే ఇక పరీక్షలు అవసరం లేదు. ఫాక్స్ దగ్గర మాత్రం కాస్త ఆగి చదవండి. నక్క అనే అర్థమున్న ఫాక్స్ ఇంగ్లిష్‌లో మూడే అక్షరాలు (fox). నకిలీ అనే అర్థమున్న మాట నాలుగు అక్షరాలు (faux), అది ఫ్రెంచి నుంచి వచ్చింది, దాన్ని 'ఫో' అని పలకాలి. మన దగ్గర చాలామంది దాన్ని కూడా ఫాక్స్ అనే చదివేస్తారు. అలా చదివి నకిలీదాన్ని నక్కతోలు అనుకున్నవాళ్ళూ ఉన్నారు, నక్కతోలును నకిలీ అనుకున్నవాళ్ళూ ఉన్నారు.

బొచ్చు గురించి లేబుల్‌లో ఏమీ లేకపోతే అది నకిలీ అనుకోవద్దు. మీ కోటు 2008ది కావడం ఇక్కడే ముఖ్యం. ఫర్, అంటే జంతువు బొచ్చుతోలు, వాడిన వస్తువు మీద జంతువు పేరు రాయాలన్న చట్టం అమెరికాలో 1951లోనే వచ్చింది. కానీ అందులో ఒక మినహాయింపు ఉండేది. వస్తువులో వాడిన ఫర్ విలువ 150 డాలర్లు దాటకపోతే రాయనక్కర్లేదు. టోపీ అంచుకు కుట్టే బొచ్చుకు అంత విలువ ఉండదు కాబట్టి లెక్కలేనన్ని కోట్లు ఏ పేరూ లేకుండానే అమ్ముడుపోయాయి. 2010లో చేసిన చట్టంతో ఆ మినహాయింపు తీసేశారు. మీ వదిన కొన్నది అంతకు ముందు. ఆమెకు కూడా అది ఏమిటో తెలిసి ఉండకపోవచ్చు.

ఇప్పుడు కోటును డాబా మీదికి తీసుకెళ్ళండి. మిట్టమధ్యాహ్నం ఎండలో బొచ్చును రెండు బొటనవేళ్ళతో పాపిడి తీసినట్టు విడదీసి, అడుగు దాకా చూడండి. ఇదొక్కటి సరిగ్గా చేస్తే చాలావరకు తేలిపోతుంది. నకిలీదైతే అడుగున గుడ్డ కనిపిస్తుంది. తువ్వాలు నూలుపోగులు లేచిపోయిన చోట అల్లిక బయటపడినట్టు, వరుసలు వరుసలుగా దారాలు ఉంటాయి. నిజమైనదైతే తోలు కనిపిస్తుంది. డప్పుకు బిగించిన తోలును దగ్గరగా చూసి ఉంటారు కదా, అలాంటిదే, ఇంకాస్త మెత్తగా, తెల్లగానో లేత గోధుమ రంగులోనో, ఒక్కోసారి రంగు అద్ది ఉంటుంది. వెంట్రుకలు వరుసల్లో కాకుండా, చిన్న చిన్న గుంపులుగా ఆ తోలులోంచే మొలిచినట్టుంటాయి. మేకపిల్లను ఒళ్ళో పెట్టుకుని గోమార్లు ఏరినవాళ్ళకు ఆ తేడా చెప్పక్కర్లేదు.

అదే చూపులో ఇంకొకటి గమనించండి. చలిదేశపు జంతువుకు రెండు పొరల బొచ్చు ఉంటుంది. పైన పొడుగ్గా, బిరుసుగా, నిగనిగలాడే వెంట్రుకలు. వాటి కింద దూదిలాగా ఒత్తుగా, పొట్టిగా, రంగు తక్కువగా ఉండే మెత్తటి బొచ్చు. వెచ్చదనం ఇచ్చేది ఈ కింది పొరే. వెంట్రుక చివర కూడా చూడండి. జంతువు వెంట్రుక కొసకు వచ్చేసరికి సూదిలా సన్నబడుతుంది, మిషన్‌లో తయారైన పోగు చివర కత్తిరించినట్టు మొద్దుగా ఉంటుంది. అయితే ఈ ఒక్క గుర్తునే నమ్ముకోకండి. నిజమైన బొచ్చును కూడా కొన్నిసార్లు సమంగా కత్తిరిస్తారు, ఖరీదైన నకిలీల్లో పోగు కొసను సన్నగా చేసేవీ ఉన్నాయి. మీరు రాసిన 'పిల్లిని నిమిరినట్టు' అన్నది కూడా సాక్ష్యానికి చాలదు. ఈ రోజుల్లో ప్లాస్టిక్ పోగు కూడా అంత మెత్తగా వస్తోంది.

గుండుసూదిని బొచ్చు మధ్యలోంచి అడుగుకు గుచ్చి చూడండి. గుడ్డయితే సులువుగా దిగుతుంది. తోలయితే ఎదురు తన్నినట్టుంటుంది.

ఇంకా అనుమానం మిగిలితే అగ్గిపుల్ల. నాలుగంటే నాలుగు వెంట్రుకలు పీకి, చిమటాతో పట్టుకుని, స్టీలు పళ్ళెం మీద అంటించండి. కోటు మాత్రం ఇంకో గదిలో ఉండాలి. కొంగు నడుముకు దోపుకోండి. సింథటిక్ చీరైతే అసలు వద్దు. నకిలీదైతే అది మండేటప్పుడు ముడుచుకుపోయి, కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది, ప్లాస్టిక్ సంచి కాలిన వాసన వస్తుంది. నిజమైనదైతే ఏ వాసన వస్తుందో మన ప్రాంతం వాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. తలకాయ, కాళ్ళు తెచ్చి కాల్చేటప్పుడు ఇల్లంతా వచ్చే వాసన అది. వెంట్రుక కరగదు. నల్లగా ముడుచుకుపోతుంది, వేళ్ళతో నలిపితే పొడి అవుతుంది. ఒక్క మెలిక ఉంది. గొర్రె ఉన్ని కాల్చినా ఇదే వాసన వస్తుంది, ఎందుకంటే ఉన్నీ వెంట్రుకే. ఉన్నితో నేసిన బొచ్చు గుడ్డలు కూడా ఉన్నాయి. అందుకే వాసన 'జంతువుది' అని మాత్రమే చెబుతుంది. 'తోలుతో సహా తీసినది' అని చెప్పేది అడుగున కనిపించే తోలే.

ధరను చూసి మాత్రం ఏదీ తేల్చకండి. చవకది కాబట్టి నకిలీ అన్న నమ్మకం చాలామందిని మోసం చేసింది. కుందేలు తోలు, రాకూన్ డాగ్ తోలు ఒక్కోసారి మంచి నకిలీ ఫర్ కన్నా తక్కువకే దొరుకుతాయి. పిల్లలు బ్యాగులకు తగిలించుకునే బొచ్చు బంతుల కీచెయిన్లు ఉన్నాయి కదా, వాటిలో కొన్ని నిజం కుందేలు బొచ్చువే. రాకూన్ డాగ్ అంటే పేరులో రాకూన్ ఉన్నా అది కుక్కల కుటుంబానికి చెందిన జంతువు. దాన్ని అమెరికా లేబుళ్ళ మీద 'ఏషియాటిక్ రాకూన్' అని రాస్తారు. ఆ పేరు చదివి అది కుక్కకు చుట్టమని ఎవరు ఊహిస్తారు?

పరీక్షలో అది నిజమైనదే అని తేలిందనుకుందాం. గోధుమ రంగు అంటున్నారు కాబట్టి కయోటీయో, రాకూనో, రాకూన్ డాగో కావచ్చు. కయోటీ అంటే ఉత్తర అమెరికాలో తిరిగే, మన నక్కను పోలిన జంతువు. ఇక మీ ఆయన ప్రశ్నకు వస్తాను. అది తేలిగ్గా తోసేసే ప్రశ్న కాదు. మాంసం తినేవాళ్ళం బొచ్చు గురించి మాట్లాడొచ్చా అని నన్ను చాలామంది అడిగారు. నేనూ తింటాను. మా ఇంటి వాళ్ళం గొల్లగట్టు జాతరకు దురాజ్‌పల్లి వెళ్ళి, లింగమంతుల స్వామికి యాటపోతును ఇచ్చి వచ్చిన వాళ్ళం. అందుకే ఆలోచించే చెబుతున్నాను.

మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో గొర్రె ఎలా బతికేదో గుర్తు చేసుకోండి. పగలంతా బీళ్ళలో మేసేది. ఎండాకాలం మేత లేకపోతే కాపరి వెంట మంద కాలువల కింది ఊళ్ళకు నడిచేది. రాత్రి రైతు పొలంలో మంద పెట్టించుకుంటే పెంట ఎరువయ్యేది, కాపరికి గింజలో డబ్బులో దక్కేవి. నల్లటి దక్కనీ గొర్రెకు ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరించేవారు. కురుమలు ఆ ఉన్ని వడికి, గుంట మగ్గం మీద గొంగడి నేసి, చింతగింజల గంజి పట్టించేవారు. మా తాత గొంగడి వానకు గొడుగు, చలికి దుప్పటి, ఎండకు నీడ, నిద్రకు పరుపు. దాని ఉన్ని ఇచ్చిన గొర్రెలు మరుసటి రోజు మళ్ళీ మేతకు వెళ్ళినవే. ఇక కోసిన యాటలో నల్ల, బోటి, తలకాయ, కాళ్ళు దాకా వండుకుంటారు, తోలు చెప్పులకో డప్పుకో పోతుంది. చావు ఉంది, కాదనను. కానీ దాని ముందు ఒక బతుకు కూడా ఉంది.

ఫర్ కోసం పెంచే మింక్ సంగతి వేరు. అది నీటి ఒడ్డున ఒంటరిగా తిరిగే జంతువు, ఈత దాని ప్రాణం. ఫారంలో దాన్ని ఇనుప తీగల పంజరంలో, వందల పంజరాల వరుసలో ఉంచుతారు. వసంతంలో పుట్టిన పిల్లలను, చలికాలపు బొచ్చు బాగా ఒత్తుగా వచ్చే నవంబరు, డిసెంబరులో గ్యాసు పెట్టి చంపుతారు. అంటే ఏడెనిమిది నెలల బతుకు, అదీ పంజరంలోనే. బొచ్చు పాడవకూడదని నక్కలను కరెంటు పెట్టి చంపుతారు. ఆ మాంసాన్ని మన యాటను వండుకున్నట్టు ఎవరూ వండుకోరు. 2020లో డెన్మార్క్‌లో ఫారాల మింక్‌లకు కరోనా సోకి, అది మారి మళ్ళీ మనుషులకు వస్తోందని భయపడి, దేశంలోని మింక్‌లన్నిటినీ చంపమన్నారు. దాదాపు కోటిన్నర. అప్పటికి ఆ దేశ జనాభా అరవై లక్షలు కూడా లేదు. పంజరాల్లో ఎన్ని ప్రాణాలను కుక్కిపెట్టారో ప్రపంచానికి అప్పుడు తెలిసింది.

మీ కోటు మీది బొచ్చు కయోటీదైతే అది ఫారంలో పెరిగింది కాకపోవచ్చు. ఎక్కువగా అడవిలో ఉచ్చులు పెట్టి పడతారు. కాలు పట్టుకునే ఇనుప బోను, మెడకు బిగిసే తీగ. నల్లమల అంచు ఊళ్ళ వాళ్ళకు ఉచ్చు అంటే ఏమిటో తెలుసు. అడవిపందికని పెడితే ఏది పడుతుందో తెలియదు, పడినది ఎంతసేపు పెనుగులాడుతుందో చూడటానికి ఎవరూ ఉండరు.

అందుకే యాటకూరకూ ఈ బొచ్చుకూ తేడా ఉందంటాను. మీ ఆయన వాదనకు ఇంతకంటే బలమైన రూపం ఒకటుంది, అది దాచడం న్యాయం కాదు. షాద్‌నగర్ దారిలో కోళ్ళ ఫారాలు చూసే ఉంటారు. గుడ్ల కోసం తీగల గూళ్ళలో నిలబెట్టిన కోళ్ళది కూడా పంజరం బతుకే. మింక్ పంజరం మీ అబ్బాయిని బాధపెడితే ఆ గూడు కూడా బాధపెట్టాలి. దాన్నిబట్టి ఫర్ మంచిదైపోదు. ఇంట్లోకి వచ్చే గుడ్డు గురించి కూడా మాట్లాడుకోవాల్సి వస్తుంది. ఆ మాట మీ ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి. అబ్బాయికి పద్దెనిమిదో ఇరవయ్యో ఉంటాయి, ఈ వయసులో వాడికి కలిగిన జాలిని 'నీకేం తెలుసు' అని కొట్టిపారేయకండి.

అన్ని రకాల బొచ్చునూ ఒకే గాటన కట్టను. మంచు మీద బతికే ఇన్యూట్ జనం సీల్ తోలు తొడుక్కుంటారు, ఆ మాంసమే తింటారు. వాళ్ళకు అది మన గొంగడి లాంటిది. టోపీ అంచున బొచ్చు పెట్టుకునే పద్ధతి కూడా అలాంటి చలిప్రాంతాల వాళ్ళ దగ్గర నుంచి వచ్చిందే. మంచుగాలి ముఖానికి సూటిగా తగలకుండా ఆ బొచ్చు గాలిని విరుస్తుంది. కానీ మీరు వెళ్ళేది షికాగోలో హీటర్ ఉన్న ఇంటికి. అక్కడి నుంచి హీటర్ ఉన్న కారులో ఆసుపత్రికి. మీ వెచ్చదనం కోటు మధ్యలో కూరినదాని మీద, లోపల వేసుకునే ఉన్ని బట్టల మీద ఆధారపడుతుంది. టోపీ అంచు బొచ్చు లేకపోతే మీకు వచ్చే కష్టం ఏమీ లేదు. కోటు లోపల ఏం కూరారో కూడా చూడండి. 'డౌన్' అని ఉంటే అది బాతు ఈకల కింది మెత్తటి నూగు. ఎక్కువభాగం మాంసం కోసం పెంచిన బాతులదే అయినా, కొన్ని చోట్ల బతికుండగానే పీకిన ఘటనలు బయటపడ్డాయి. ఇప్పటికే తయారైన కోటు కాబట్టి దాన్ని వేసుకోండనే నేను చెబుతాను, కానీ అబ్బాయి అడిగితే ఆ నిజం కూడా చెప్పాలి.

నకిలీదని తేలితే సంతోషంగా వేసుకోండి. అదీ పెట్రోలియం నుంచి వచ్చిన ప్లాస్టిక్కే, ఉతికినప్పుడల్లా సన్నటి పోగులు నీళ్ళలో కలుస్తాయి, మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటుంది. అందుకని ఉన్నదాన్ని పారేసి కొత్తది కొనడం కన్నా పదేళ్ళు వాడటం మేలు.

నిజమైనదైతే నా సలహా ఇది. టోపీ చుట్టూ ఉన్న అంచు చాలా కోట్లకు జిప్‌తోనో గుండీలతోనో ఊడి వస్తుంది. లోపలి వైపు వెతకండి. ఊడదీసి పక్కన పెట్టి కోటు వేసుకోండి. కుట్టేసి ఉంటే టైలర్ పది నిమిషాల్లో విప్పుతాడు. పాత బొచ్చు వేసుకున్నంత మాత్రాన కొత్తగా ఒక జంతువు చావదు, నిజమే. అందుకని వేసుకున్న వాళ్ళను నేను తప్పు పట్టను. కానీ మీకు దాన్ని ముట్టుకున్నప్పుడల్లా మనసు చివుక్కుమంటోంది. కడుపులో బిడ్డతో ఉన్న కూతురి దగ్గరకు వెళ్తూ ఆ గుచ్చుకునేదాన్ని మెడ చుట్టూ ఎందుకు కట్టుకోవాలి? తీసిన అంచును చెత్తలో వేయకండి. అమెరికాలో కొన్ని వన్యప్రాణి సంరక్షణ కేంద్రాలు పాత ఫర్ తీసుకుని, తల్లి లేని పిల్ల జంతువులకు పడకగా వేస్తాయి. అమ్మాయిని కనుక్కోమనండి. కొత్తది మాత్రం కొనకండి, కొననివ్వకండి. బ్రిటన్ 2000లోనే ఫర్ ఫారాలను నిషేధించే చట్టం చేసింది. మన దేశం 2017లో మింక్, నక్క, చించిల్లా తోళ్ళ దిగుమతిని ఆపేసింది. కయోటీ బొచ్చు టోపీలతో పేరు తెచ్చుకున్న కెనడా గూస్ కంపెనీయే 2021లో ఫర్ మానేస్తున్నామని చెప్పింది. మానేయడం కష్టమేమీ కాదని అమ్మేవాళ్ళే ఒప్పుకున్నట్టే కదా.

జింకతోలు గురించి వేరేగా చెప్పాలి, ఎందుకంటే అది మనసుకు సంబంధించిన విషయమే కాదు, చట్టానిది కూడా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకతోలును యాజమాన్య ధ్రువపత్రం లేకుండా ఇంట్లో ఉంచుకోవడం నేరం. తాతలనాటిదైనా అంతే. 2003లో ఇలాంటివి ప్రకటించుకోవడానికి గడువు ఇచ్చారు, మామగారు అప్పుడు కాగితం ఏమైనా తీసుకున్నారేమో బీరువా వెతకండి. లేకపోతే ఎవరికీ ఇవ్వకండి, అమ్మకండి, పెట్టెలో పెట్టుకుని ప్రయాణం అసలు చేయకండి. ముందు తెలిసిన వకీలుతో ఒక మాట అనుకుని, అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు తెలియజేసి అప్పగించండి. అది నిజం జింకతోలే కాకపోవచ్చు కూడా. మేకతోలు మీద చుక్కలు అద్ది అమ్మేవాళ్ళు ఉన్నారు. ఏ జంతువుదో కచ్చితంగా తేల్చాలంటే డీఎన్ఏ పరీక్షే. హైదరాబాద్‌లో జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీకి చెందిన లాకోన్స్ సంస్థ ఆ పని చేస్తుంది. ఆ పరీక్ష అధికారులు చేయించుకుంటారు, మీకు ఆ బాధ అక్కర్లేదు. పూజకు దర్భాసనమో, ఉన్ని ఆసనమో వేసుకోండి. నారాయణపేట జిల్లా మాగనూరు, కృష్ణ మండలాల చేలల్లో కృష్ణజింకలు గుంపులుగా తిరుగుతుంటాయి, పంటలు తిని రైతును ఏడిపిస్తున్నా అక్కడివాళ్ళు ఓపిక పడుతున్నారు. వాటిని అలా బతికి ఉండగా మీ అబ్బాయికి ఒకసారి చూపించండి.

ఇక వదినకు ఏం చెప్పాలి. దాచకండి. అమ్మాయి కాపురం ఉన్న ఇల్లు కాబట్టి ఫోటోల్లో ఎలాగూ కనిపిస్తుంది. తప్పు పట్టినట్టు కాకుండా, "వదినా, నీ కోటే వేసుకుని వస్తున్న. మస్తు వెచ్చగుంది. అంచుకున్న బొచ్చు నిజం జంతువుదని తెలిసింది, నాకు మనసొప్పక అది తీసిపెట్టిన. నీ వస్తువు కాబట్టి నీకు చెప్తున్న, నువ్వు కావాలంటే తెచ్చిస్త" అనండి. ఇంతే చాలు. ఫారాల గురించి, పంజరాల గురించి ఆ ఫోన్‌లో చెప్పొద్దు, ఆమె అడిగితే అప్పుడు చెప్పండి. ప్రేమతో తన కోటు తీసి ఇచ్చిన మనిషి ఆమె.

పెట్టెలో రెండు జతల థర్మల్స్, ఉన్ని సాక్సులు, చెవులు మూసే టోపీ పెట్టుకోండి. ఆ నాలుగు వెంట్రుకలు కాల్చినప్పుడు ఏ వాసన వచ్చిందో నాకు తప్పకుండా రాయండి.